దానయ్య ఇంజనుకు మూడు పొగలు

జూన్ పద్నాలుగో తారీకు పొద్దున్న దానయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి తెప్ప మీది ఇంజను స్టార్టు చెయ్యాలి. ఎనిమిదింపావుకి ఆపెయ్యాలి. ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చి చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని తిని, మధ్యాహ్నం దాకా పడుకోవాలి. రెండు నెలల వేట నిషేధం ఆ రోజుతో ఆఖరు. తెల్లారితే ఉద్దానం తీరం పొడుగునా తెప్పలన్నీ ఒక్కసారిగా నీళ్ళలో పడతాయి. అలాంటి రోజుకి ముందు మనిషికి కాస్త నిద్ర ఉండాలని దానయ్య నమ్మకం.

ఇంత చిన్న పథకం మీద ఒక పెద్ద సంగతి ఆధారపడి ఉంది. దానయ్యతో వేటకొచ్చే కలాసీలిద్దరూ నిషేధం రోజుల్లోనే ఎవరిదో కొత్త తెప్పకి మాటిచ్చేశారు. ఇక మిగిలింది బావమరిది గౌతమ్ ఒక్కడే. వాడొక్కడుంటే ఇద్దరి పెట్టు. కానీ గౌతమ్ నాలుగేళ్ళుగా చెన్నై హార్బరులో పెద్ద బోట్ల మీద పని చేస్తున్నాడు. నిషేధం కదా అని అక్క ఇంటికొచ్చాడు. ఇక్కణ్ణుంచి మనుషుల్ని అక్కడికి తీసుకెళ్ళే మేస్త్రి దేవరాజు మళ్ళీ రమ్మని రోజుకి మూడుసార్లు ఫోను చేస్తున్నాడు. ఆ సాయంత్రం ఏడింటికి పలాసలో రైలు. టిక్కెట్టు కూడా దేవరాజే తీసేశాడు.

తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన మంగ వాణ్ణి మళ్ళీ రైలెక్కించే ఉద్దేశంలో లేదు. ముందు రోజు రాత్రి అన్నాల దగ్గర తమ్ముడి చేత ఒక మాట అనిపించింది.

"సూడు బావా," అన్నాడు గౌతమ్ చేప ముల్లు ఏరుకుంటూ. "పోయినేడు నీ ఇంజన్ నడి సముద్రంలో ఆగిపోతే తెడ్డేసుకోని వచ్చినావు. ఒడ్డు మీదున్నోలంతా నవ్వినారు. రేపు సాయంత్రం లోపల అది పొగ లేకండా తిరిగిందా, నీ తెప్పెక్కి ఇక్కడే ఉండిపోతాను. తిరగలేదా, నా రైలు నానెక్కుతాను."

"తిరక్కేటి? నా ఇంజన్‌కేటైందిరా?" అన్నాడు దానయ్య.

గౌతమ్ ఇంకో ముల్లు ఏరి పక్కన పెట్టాడు. ఇంజనుకి ఏమైందో బావకి చెప్పడం వాడు మానేసి ఏడాదైంది. కిందటి వేసవిలో వాడు సరదాపడి పానా చేతిలోకి తీసుకోబోతే దానయ్య నలుగురిలోనూ "బోటు మీద వంట సేసినోడివి, గరిటి పట్టుకో, పానా నాకొదిలెయ్" అనేశాడు. గౌతమ్ మొదటి ఏడాది చెన్నైలో వంటవాడిగా చేరిన మాట నిజమే. తరవాత మూడేళ్ళు ఏం చేశాడో దానయ్య అడగలేదు. నువ్వుగా అడిగితే తప్ప నీ ఇంజను మీద చెయ్యెయ్యను అని వాడు ఆ రోజే ఒట్టేసుకున్నాడు. ఈ కుటుంబంలో మాట పట్టింపు మగవాళ్ళకి వడ్డీతో సహా వస్తుంది.

ఏడున్నరకి మంగ ఇసక మీద తెప్ప దగ్గర గంగమ్మకి పూజ చేసింది. ఇంజనుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పసుపునీళ్ళలో ముంచిన కొత్త జాకెట్టు గుడ్డ మొగుడి చేతికిచ్చింది. అమ్మవారి గుడ్డ కట్టడం తెప్ప యజమాని పని. కిందటేడు దానయ్య కట్టిన ముడి వదులై, గాలికి గుడ్డ సముద్రంలోకి ఎగిరిపోయింది. ఆ వారంలోనే ఇంజను ఆగిపోయింది. ఏడాది పొడుగునా కూరలో ఉప్పు ఎక్కువైనా మంగ ఆ గుడ్డ సంగతే ఎత్తింది. అందుకని ఈసారి దానయ్య గుడ్డని నాలుగు మడతలు వేసి, ఇంజను పక్కన గుండ్రంగా పొడుచుకొచ్చిన డబ్బాకి బిగించి చుట్టి, పళ్ళతో లాగి మరీ మూడు ముళ్ళు వేశాడు.

"ఇప్పుడు తుపానొచ్చినా ఊడదు," అన్నాడు గర్వంగా. ఆ మాట అక్షరాలా నిజమైంది.

హ్యాండిలు తిప్పాడు. ఇంజను నాలుగుసార్లు దగ్గి అందుకుంది. అందుకోవడంతోనే పొగగొట్టంలోంచి నల్లగా, దట్టంగా పొగ లేచింది. పక్క తెప్పవాళ్ళు ఆరేసుకున్న తెల్ల పంచె ఒకటి చూస్తుండగానే బూడిదరంగుకి తిరిగింది.

"ఏటి మావా ఆ పొగ?" అంది మంగ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

"రెండు నెల్లు పడుకుంది కదే. గొంతు సవరించుకుంతంది."

పావుగంటైనా గొంతు సవరణ పూర్తి కాలేదు. బోర్లించిన పాత తెప్ప మీద కూర్చుని గౌతమ్ ఫోను చూసుకుంటున్నాడు. ఒకసారి తలెత్తి పొగనీ, ఇంజనునీ, బావనీ వరసగా చూసి మళ్ళీ ఫోనులోకి దిగిపోయాడు. ఆ చూపు దానయ్యకి అరికాలి మంట నెత్తికెక్కించింది.

సరిగ్గా అప్పుడే, నందిగాం నుంచి కొబ్బరికాయల లోడు కోసం ట్రాక్టరు తెచ్చిన శామ్యూల్, తోట గట్టున బండి ఆపి ఇసకలోకి దిగొచ్చాడు. టెక్కలి హాస్టల్లో దానయ్యతో కలిసి ఏడో తరగతి రెండుసార్లు చదివిన స్నేహితుడు. ఆదివారాలు చర్చిలో డోలక్ వాయిస్తాడు. మిగతా ఆరు రోజులూ సలహాలిస్తాడు. మంచివాడు. దానయ్య కష్టాలు చాలావరకు మంచివాళ్ళ వల్లే వచ్చాయి.

"ఆయిలు తక్కువైంది," అన్నాడు శామ్యూల్ పొగని చూడగానే.

"పుల్ల పెట్టి సూసినాన్రా. సరిపడా ఉంది."

"పుల్లకేటి తెలుసు? పద్దెనిమిదేళ్ళై ట్రాక్టరు తోలుతన్నాను. నల్లపొగంటే లోపల ఇనుము ఇనుము రాసుకోని మాడిపోతంది. ఆయిలెక్కడుంది సెప్పు."

"ఇంటెనకాల నీలం డబ్బా..." అని దానయ్య పూర్తి చేసేలోగా శామ్యూల్ వెళ్ళి తెచ్చేశాడు. మూత తీసి, తల వంచి రెండు ముక్కలు ప్రార్థన చేసి, ఇంజను చుట్టూ ఒద్దికగా తిరిగాడు. పసుపు గుడ్డ దగ్గరకొచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అది మీ అమ్మోరిది. నాను ముట్టకూడదు," అని గౌరవంగా పక్కనుంచి వంగి, చిక్కగా నల్లగా ఉన్న ఆయిలు మూతి దాకా పోశాడు. కాస్త తన చేతుల మీద కూడా పోసుకున్నాడు.

దానయ్య మళ్ళీ హ్యాండిలు తిప్పాడు. ఈసారి పొగ నీలంగా వచ్చింది. నీలంగా రావడమే కాదు, ఘాటుగా, గొంతులో మిరపకాయ నలిపినట్టు వచ్చింది. పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలాళ్ళు నలుగురూ వలలు అక్కడే పడేసి లేచిపోయారు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా శామ్యూల్ నవ్వుతూనే ఉన్నాడు.

"సూసినావా? నలుపు పోయింది!"

ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. శామ్యూల్ ముందు ఎడమచెయ్యి గోక్కున్నాడు, తరవాత కుడిచెయ్యి, తరవాత రెండూ ఒకేసారి గోక్కోబోయి కుదరక గెంతాడు. ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చిన మంగ ఒక్కసారి గాలి పీల్చి నెత్తి కొట్టుకుంది.

"ఓలమ్మో! ఇది జీడి నూనె కాదేటి! దూలాలకి సెదలు పట్టకండా రాద్దారని తెచ్చుకున్నాను. ఇంజన్‌లో పోసీసినారా?"

ఇంటి వెనకాల నీలం డబ్బాలు రెండున్నాయి. దానయ్య ఆ ముక్క చెప్పబోతుండగానే శామ్యూల్ వెళ్ళిపోయాడు కదా. జీడిపిక్క పెంకులోంచి తీసిన ఆ నూనె తగిలితే చర్మం ఎలా పొంగుతుందో ఉద్దానంలో పుట్టిన పసిపిల్లకైనా తెలుసు. శామ్యూల్‌కి ఇంకా బాగా తెలుసు, కానీ చేతులు పొంగాక తెలిసింది. మంగ వాడి చేతులకి మోచేతుల దాకా కొబ్బరినూనె పట్టించి పాత చీర ముక్కలు చుట్టింది.

ఈలోపు సముద్రపు గాలి ఆ పొగని మూటగట్టి తోటల్లోకి తీసుకుపోయింది. తోటల అవతల ఎవరికో జీడి వాసన తగిలింది. జీడిపిక్కలు కాల్చే షెడ్డేదో అంటుకుందని వాళ్ళు నిర్ధారణ చేసుకున్నారు. బాధ్యతగల పౌరులు కాబట్టి ఫోను చేశారు. ఒడ్డు మీదున్నవాళ్ళకి ఈ సంగతి తెలీదు.

జీడి నూనె అంతా కిందికి వదిలేసి, అసలు ఆయిలు పోసేసరికి పది దాటింది. చేసిన తప్పు దిద్దుకోవాలని శామ్యూల్‌కి గాఢంగా అనిపించింది. చేతులు పని చెయ్యవు కనక మంగ చేత నంబరు నొక్కించి త్రినాథరావుకి ఫోను చేశాడు.

త్రినాథరావుది కూడా నందిగామే. నలభై ఏళ్ళుగా చుట్టుపక్కల వరిపొలాల్లో నీళ్ళు తోడే డీజిలు పంపుసెట్లన్నిటికీ ఆయనే వైద్యుడు. ఆయన వైద్యంలో మందు ఒక్కటే. పదకొండున్నరకి మోటారుసైకిలు మీద వచ్చి, సంచి దించి, ఇంజను వైపు చూడకుండానే ఆ మందు చెప్పాడు.

"హెడ్డిప్పాలి."

"ముందు ఏటైందో వినండి మావా," అన్నాడు దానయ్య.

"సెప్పు."

దానయ్య నల్లపొగ దగ్గర్నుంచి జీడి నూనె దాకా పూసగుచ్చినట్టు చెప్పాడు. త్రినాథరావు కళ్ళు మూసుకుని అంతా విన్నాడు.

"నీలంపొగ జీడి నూనెది, ఒప్పుకుంతాను. మరి దానికి ముందొచ్చిన నల్లపొగ ఎవుడిది? లోపల్ది. లోపల్ది సూడాలంటే ఏటి సెయ్యాల?"

దానయ్య నీరసంగా బోర్లించిన తెప్ప వైపు చూశాడు. గౌతమ్ ఇప్పుడు వేరుశెనక్కాయలు తింటున్నాడు. మొహంలో ఏ భావమూ లేదు. వాణ్ణి అడుగుదామా అని దానయ్యకి ఒక్క క్షణం అనిపించింది. వంటవాణ్ణి అడగడమా అని మరుక్షణం అనిపించింది.

"ఇప్పండి మావా," అన్నాడు.

త్రినాథరావు పనిమంతుడు, అందులో సందేహం లేదు. విప్పాల్సినవన్నీ విప్పాడు. గుడ్డ చుట్టిన డబ్బా అడ్డమొస్తే, చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, గుడ్డతో సహా డబ్బా ఊడదీసి అరిటాకు మీద పెట్టాడు. ఇంజనుకి మూతలా ఉండే హెడ్డు ఎత్తి లోపలికి టార్చి వేసి చూశాడు. వేలు పెట్టి తడిమాడు. వేలు వాసన చూశాడు. దానయ్య దగ్గరికి జరిగాడు.

"ఏటైంది మావా?"

"ఏటీ అవలేదు. నిక్షేపంలాగుంది," అన్నాడు త్రినాథరావు, కొంచెం నిరాశగా.

నిక్షేపంలా ఉన్న ఇంజనుని మళ్ళీ మూసేటప్పుడు అసలు కష్టం బయటపడింది. హెడ్డుకీ దాని కిందున్న దిమ్మకీ మధ్య ఉండే పల్చటి గాస్కెట్టు ఎత్తేటప్పుడే మూడు ముక్కలైంది. కొత్తది కావాలంటే టెక్కలి వెళ్ళాలి. త్రినాథరావు నవ్వాడు. పంపుసెట్టు గాస్కెట్టు కోసం టెక్కలి దాకా ఎవడెళ్తాడు? సంచిలోంచి మేనకోడలి పెళ్ళి శుభలేఖ తీశాడు. దళసరి అట్ట, బంగారు అక్షరాలు. కత్తెరతో చక్కగా గుండ్రంగా కత్తిరించి, గ్రీజు రాసి మధ్యలో పెట్టి బిగించాడు. డబ్బాని దండం పెట్టి మరీ యథాస్థానంలో తగిలించాడు. గుడ్డ మీద మంగ ఒక మందారం పెట్టింది.

ఇంజను చల్లబడ్డానికి తొట్టిలో నీళ్ళు పోసి మూడోసారి తిప్పారు. ఈసారి తెల్లపొగ వచ్చింది. మేఘాల్లా, తీరిగ్గా, బంతులు బంతులుగా వచ్చింది. పొగతోపాటు గొట్టం చివర్నుంచి నీళ్ళు కూడా చుక్కలు చుక్కలుగా రాలాయి. శుభలేఖ తడిసిపోయి, తొట్టిలో నీళ్ళు సిలిండరులోకి దిగుతున్నాయి. "శుభమస్తు" అన్న కాగితం ముక్కొకటి గొట్టంలోంచి ఎగిరొచ్చి దానయ్య చొక్కాకి అంటుకుంది.

"తెల్లపొగ మంచిదే," అన్నాడు శామ్యూల్ చేతులు పైకెత్తి పట్టుకుని. "తెలుపంటే శుబ్రం."

"నోరుముయ్యరా!" అన్నాడు దానయ్య. ముప్ఫై ఏళ్ళ స్నేహంలో ఆ మాట అనడం అదే మొదలు.

అప్పుడే తోట దారిలో గంట వినిపించింది. ఎర్రటి ఫైరింజను ఒకటి కొబ్బరిచెట్ల మధ్య నుంచి మహా వేగంగా వచ్చి, తెల్లటి పొగ బంతుల్ని చూసి ఇంకా వేగం పెంచి, మెత్తటి ఇసకలోకి దూసుకొచ్చి, చక్రాలు సగం దాకా కూరుకుపోయి ఆగింది. అందులోంచి ఆఫీసరు దూకాడు.

"నిప్పెక్కడ?"

"నిప్పు లేదు సార్. ఇంజన్ పొగ."

"జీడి షెడ్డు కాలిపోతోందని పొద్దున్న ఫోనొచ్చింది. అప్పట్నుంచీ తోటలన్నీ వెతుకుతున్నాం."

"షెడ్డు కాదు సార్. ఇంజన్‌లో జీడి నూనె పోసినాం."

"ఎందుకు పోశారు?"

దానయ్య శామ్యూల్ వైపు చూశాడు. శామ్యూల్ సముద్రం వైపు చూశాడు. ఆఫీసరు కాగితం తీసి అట్ట మీద పెట్టుకున్నాడు. వచ్చినందుకు రిపోర్టు రాయాలి.

"కాలిన వస్తువు?"

"ఏటీ కాల్లేదు సార్."

"ఏదో ఒకటి రాయాలి. ఖాళీగా వదిలితే ఒప్పుకోరు."

"నా కడుపు అని రాసుకోండి సార్," అన్నాడు దానయ్య.

ఆఫీసరు జాలిగా తలెత్తి, తెల్లపొగని కాసేపు పరిశీలించి, గొంతు తగ్గించాడు. "మా బండికి కూడా ఒకసారి ఇలాగే వచ్చింది. టైమింగు పోయుంటుంది, చూపించండి." అంతటితో ఆగలేదు. ఆయన డ్రైవరు దిగొచ్చి టైమింగు కాదు, నాజిల్ అన్నాడు. త్రినాథరావు ఇంకోసారి హెడ్డిప్పాలన్నాడు. ముగ్గురూ ఇంజను మీద చేతులు పెట్టి వాదించుకుంటుంటే, ఊరివాళ్ళంతా ఫైరింజను చక్రాల కింద కొబ్బరిమట్టలు వేసి తోస్తూ మధ్యమధ్యలో తలా ఒక అభిప్రాయం విసిరారు. లాగడానికి శామ్యూల్ ట్రాక్టరు ఉంది కానీ, దాన్ని తోలాల్సిన శామ్యూల్ చీర ముక్కల్లో ఉన్నాడు.

మూడున్నర అయింది. ఫైరింజను గట్టెక్కిన చోటే, పలాస నుంచి వచ్చిన ఆటో ఒకటి నిలబడింది. గౌతమ్ వేరుశెనగ పొట్టు దులుపుకుని లేచి, ఇంట్లోకెళ్ళి సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

"ఎల్తాను బావా. దేవరాజు స్టేషన్ కాడ సూత్తంతాడు."

మంగ ఆటో కమ్మీ పట్టుకుంది. పొద్దుట్నుంచీ పొగకి ఎర్రబడ్డ కళ్ళు ఇప్పుడు నిజంగానే నిండాయి. "నువ్వెల్లిపోతే నాకెవులున్నార్రా?" అంది తమ్ముడితో. తరవాత మొగుడి వైపు తిరిగింది. ఆ గొంతులో ఏడుపు ఎంతుందో కోపమూ అంతే ఉంది. "నందిగామోల్లనడిగినావు, ఫైరింజనోల్లనడిగినావు. తోటలోని కాకుల్ని తప్ప అందర్నీ అడిగినావు. ఇంట్లో ఉన్నోన్ని ఒక్క మాటడిగినావా?"

దానయ్య ఇంజను వైపు చూశాడు. ఇంజను పోతే పోయింది. తెల్లారితే అందరి తెప్పలూ వెళ్తాయి, తనది ఒడ్డున ఉంటుంది, అదీ పోనీ. కానీ ఈ గుంటణ్ణి తన పెళ్ళి రోజున నడుమెత్తు ఉండగా చూశాడు. భుజం మీద కూర్చోబెట్టుకుని మొదటిసారి అల దాటించింది తనే. ఒక్క గరిటె మాట కోసం వాణ్ణి రైలెక్కిస్తున్నానా అనుకున్నాడు. ఊరంతా చూస్తుండగా ఆటో దగ్గరికి నడిచాడు.

"ఒరే గౌతమా. ఓపాలి సూడరా."

"ఏటి?"

"ఇంజన్ రా. నాకు సేతకావట్నేదు. నువ్వు సూడు."

"పానా ఎవుడు పట్టుకోవాల బావా?"

"నువ్వే పట్టుకో. కావలిత్తే నాను గరిటి పట్టుకుంతాను."

గౌతమ్ నవ్వలేదు. సంచి ఆటోలోంచి తీసి ఇసక మీద పెట్టాడు. ఇంజను దగ్గరికెళ్ళి, వాదించుకుంటున్న ముగ్గుర్నీ పక్కకి జరగమని, దాన్ని ముట్టుకోకుండా దానయ్యనే అడగడం మొదలుపెట్టాడు.

"తెల్లపొగ ఎప్పుడొచ్చింది?"

"హెడ్డు మూసినాక."

"నీలంపొగ?"

"జీడి నూనె పోసినాక."

"అయితే తెల్లది త్రినాథరావు మావది, నీలంది శామ్యూల్ అన్నయ్యది. ఆ రెండూ మీరెట్టినవి. ఇంజన్ సొంత పొగ నలుపొక్కటే. నలుపొచ్చేముందు నువ్వేటి సేసినావు?"

"నానేటి సేత్తాను? పసుపు రాసినాం. కాయ కొట్టినాం. గుడ్డ కట్..."

అక్కడ దానయ్య ఆగిపోయాడు.

"ఎక్కడ కట్టినావు?"

దానయ్య వేలు చూపించాడు. గౌతమ్ తలూపాడు. "అది గాలి పీల్సే డబ్బా బావా. నువ్వు దాని ముక్కూ నోరూ కలిపి మూసీసి మూడు ముళ్ళేసినావు. గాలాడకపోతే డీజిలు సగమే కాల్తాది. మిగిలిందంతా నల్లపొగ. ఇంతమంది మనుసులు ఎనిమిది గంటలు దాని సుట్టూ తిరిగినారు. అందరికీ కనిపించింది, ఎవులూ ఇప్పలేదు."

గుంపులోంచి ముగ్గురు తెప్పల యజమానులు చప్పుడు చెయ్యకుండా జారుకుని, తమ తమ ఇంజన్ల దగ్గర ఏవో ముళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టారు.

"నువ్వే ఇప్పాల," అన్నాడు గౌతమ్. "కట్టినోడే ఇప్పాల కదా."

మూడు ముళ్ళు విప్పడానికి దానయ్యకి పావుగంట పట్టింది. అంత బాగా వేశాడు. గుడ్డని మంగ కళ్ళకద్దుకుని తెప్ప ముందు కొమ్ముకి కట్టించింది. గౌతమ్ చొక్కా విప్పి పనిలోకి దిగాడు. హెడ్డు ఎత్తి శుభలేఖ గుజ్జు గీకేశాడు, నీళ్ళు తుడిచేశాడు, ఆయిలు వదిలి డీజిలుతో కడిగి మళ్ళీ పోశాడు. తరవాత తన సంచి తెరిచి, ప్లాస్టిక్ కవరులోంచి తళతళలాడే కొత్త గాస్కెట్టు తీశాడు. సరిగ్గా దానయ్య ఇంజనుదే.

"ఇదెక్కడిదిరా?"

"చెన్నైలోనే కొన్నాను. వచ్చినప్పుడే తెచ్చినాను." గౌతమ్ తల ఎత్తకుండా బోల్టు బిగిస్తున్నాడు. "నువ్వడుగుతావేమోనని సూసినాను."

మంగ కొంగుతో మొహం దాచుకుంది. దానయ్య కళ్ళు తుడుచుకున్నాడు. పొగ వల్ల అని అందరికీ చెప్పాడు కానీ ఆ సమయానికి పొగ లేదు.

అయిదున్నరకి హ్యాండిలు ఒక్క తిప్పు తిప్పేసరికి ఇంజను అందుకుంది. అందరూ పొగగొట్టం చివర చూశారు. మొదట కాస్త బూడిదగా ఊది, తరవాత ఏమీ లేదు. గొట్టం మీద గాలి వేడికి అలలు అలలుగా కదులుతోంది, అంతే. దానయ్య గొట్టం ముందు చెయ్యి పెట్టి చూసుకున్నాడు. అరిచెయ్యి తెల్లగానే ఉంది. చిన్నపిల్లాడిలా గౌతమ్‌ని ఎత్తుకోబోయి, బరువుకి ఇసకలో చతికిలబడ్డాడు. గౌతమ్ దేవరాజుకి ఫోను చేసి రావట్లేదని చెప్పేశాడు. ఆటో ఖాళీగా వెళ్ళిపోయింది.

"అయితే రేపు నాలుగ్గంటలకి బయల్దేరాలరా," అన్నాడు దానయ్య ఇసక దులుపుకుంటూ. "బేగి పడుకో."

ఆ మాట గౌతమ్ దాకా చేరలేదు. ఎందుకంటే అప్పటికే గౌతమ్ చుట్టూ పదిహేనుమంది తెప్పల యజమానులు మూగారు. ఒకడి ఇంజను దగ్గుతోంది, ఇంకొకడిది వేడెక్కుతోంది, మరొకడిది నల్లపొగ మానేసింది కానీ నీలంపొగ మానలేదు. మధ్యలో మత్స్యకారుల సంఘం పెద్ద ఒకాయన తీర్పు చెప్పినట్టు చెప్పాడు.

"ఈడు సముద్రం మీదకెల్లిపోతే మన ఇంజన్లెవుడు సూత్తాడు? ఈడు ఒడ్డునుండాల. రేవు కాడ షెడ్డు మనమే ఏసిద్దాం."

"అదే మంచిది," అంది మంగ వెంటనే. మొహం వెలిగిపోతోంది. "ఈడు నీల్ల మీదుంటే నాకు అన్నం దిగదు. ఒడ్డునే ఉండనీ."

"ఉండిపోతానని మాటిచ్చినాను కదా బావా," అన్నాడు గౌతమ్ ఇబ్బందిగా, ఇంకో ఇంజను వైపు నడుస్తూ. "ఉండిపోయినాను."

దానయ్య పొగ లేని తన ఇంజను వైపు చూసుకున్నాడు. ఇంజనుంది, తెప్ప ఉంది, డీజిలుంది. తీరమంతా వెతికినా ఖాళీగా ఉన్న కలాసీ మాత్రం ఒక్కడు లేడు. ఆ రాత్రి దానయ్య ఇంట్లో భోంచేసి అరుగు మీద పడుకున్న ఇద్దరు మనుషులు తప్ప.

మర్నాడు తెలతెలవారుతుండగా తెప్పలన్నీ వరసగా అలలు దాటాయి. దానయ్య తెప్ప అన్నిటికంటే ముందు దాటింది. ఇంజను వీణలా మోగుతోంది. ముందు కొమ్ము దగ్గర, చేతులకి కొబ్బరినూనె గుడ్డలతో శామ్యూల్ కూర్చున్నాడు. జీవితంలో సముద్రం మీదికి రావడం ఇదే మొదటిసారి. చేసిన నష్టానికి పరిహారంగా వచ్చాడు. మధ్యలో, రెండు చేతులా తెప్ప అంచు పట్టుకుని త్రినాథరావు ఉన్నాడు. ఆయన ఎందుకొచ్చాడో ఆయనకే సరిగా తెలీదు. ఇద్దరూ సముద్రాన్ని చూడట్లేదు, సూర్యుణ్ణి చూడట్లేదు. కళ్ళార్పకుండా పొగగొట్టాన్నే చూస్తున్నారు.

"దానయ్యా," అన్నాడు శామ్యూల్ చివరికి, భయంగా. "ఇందులోంచి పొగే రావట్లేదేటి?"

"నానూ అదే సూత్తన్నాను," అన్నాడు త్రినాథరావు, సంచి దగ్గరికి లాక్కుంటూ. "ఇంతసేపు తిరిగినా అస్సలు పొగ లేదంటే లోపల ఏదో తేడా ఉన్నట్టే."

దానయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఒడ్డు ఇంకా అంత దూరమేమీ కాలేదు, తనకి ఈత బాగానే వచ్చు.